'ఆవ పెట్టడం', 'ఆవాలు వేయడం' ఒకటేనా?

నిన్న గుంపులో ఒక తమ్ముడు అడిగాడు: “కంద బచ్చలి కూరలో ఆవ పెట్టాలన్నారు. పోపులో ఆవాలు వేశాను కదా, చాలదా?”

చాలదు తమ్ముడూ. దినుసు ఒకటే గానీ మాటలు రెండు, రుచులు రెండు. మాది విజయనగరం. మా ఇంట్లో గింజగా ఉన్నంతసేపూ అవి ఆవాలు. నూరి ముద్ద చేశాక ఆవ. ఆవాలు చిటపటలాడతాయి, ఆవ ఘాటెక్కుతుంది. గింజలకు బహువచనం, ముద్దకు ఏకవచనం.

ఇది సమాసంలో వచ్చే పొట్టి రూపమే కదా అని కొందరు అనవచ్చు. నాకలా అనిపించదు. నువ్వుపొడిలో ‘నువ్వు’ ఉంది, అయినా “కూరలో నువ్వు ఎక్కువైంది” అని ఎవరూ అనరు. “ఆవ ఎక్కువైంది, నసాళానికి అంటింది” అని మాత్రం ప్రతి పెళ్లి పంక్తిలోనూ వింటాం. ఆ మాటకు విడిగా ఒక బతుకు ఉంది. ఆవకాయలో ఉన్నదీ అదే ఆవ.

క్రియ కూడా మారుతుంది చూడండి. ఆవాలు వేస్తాం, ఆవ పెడతాం. ఎందుకో వంటింట్లోనే తెలుస్తుంది. ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైము గింజలో వేరువేరు అరల్లో ఉంటాయి. గింజను నలిపి తడి తగిలిస్తే అవి కలుస్తాయి, అప్పుడు ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. కాగిన నూనెలో పడితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. అందుకే పోపులో ఆవాలు కమ్మగా ఉంటాయి తప్ప ఘాటుగా ఉండవు. పనసపొట్టు కూరకైనా, అరటికాయ కూరకైనా, పెరుగు పచ్చడికైనా ఆ ఘాటు కావాలంటే చన్నీళ్లతో నూరి, చివర్లో కలపాలి.

పెళ్లయిన కొత్తలో పొయ్యి మీద కూర కుతకుతలాడుతుంటే ఆవ కలిపేశాను. ఘాటు పోయింది, చేదు మిగిలింది. మా పెద్దమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “ఓలమ్మా, దించీసేక కదే ఆవెట్టాలి” అంది. ఆ ‘ఆవెట్టాలి’ నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. ‘ఆవ పెట్టాలి’ అని విడదీసి పలకగా మా వైపు పెద్దవాళ్ల నోట నేనెప్పుడూ వినలేదు.

ఇంకో మాట. తోడు పెడతాం, ఊరగాయ పెడతాం, వడియాలు పెడతాం, ఆవ పెడతాం. వీటన్నిటిలోనూ మన చెయ్యి తీశాకే అసలు పని మొదలవుతుంది. పాలలో చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టి వదిలేస్తాం, తెల్లారేసరికి అదే తోడుకుంటుంది. ఉప్పు వేస్తే ఆ పని అక్కడితో అయిపోయింది. అందుకే ఉప్పు పెట్టడం లేదు, వేయడమే. ‘పెట్టు’లో కొంచెం ఆగడం ఉందని నాకు తోస్తోంది.

*బొబ్బిలి నుంచి ఒకరు:* అక్కా, మరి చారు పెట్టడం మాటేమిటి? అందులో ఆగేదేముంది?

నిజమే అండీ. అక్కడ పొయ్యి మీద పెట్టడం అనే అర్థమే కనిపిస్తోంది. వంకాయకు కారం పెట్టడంలో కూరడం ఉంది. కాబట్టి నేను చెప్పింది అన్ని ‘పెట్టు’లకూ సరిపోదు. ఆవకూ తోడుకూ ఊరగాయకూ మాత్రం సరిపోతుందనే నా పట్టు.

*ఇచ్ఛాపురం నుంచి ఒకరు:* మా పక్కనే ఒడియా వాళ్లు ఆవాలను సొరిసొ అంటారు. నూరిన ఆవ వేసి చేసే కూరకు వాళ్ల దగ్గర విడిగా పేరే ఉంది, బేసర. పూరీ జగన్నాథుడి ప్రసాదాల్లో అదొకటి.

ఎంత మంచి మాట చెప్పారు! వాళ్లు కూరకు పేరు పెట్టుకున్నారు, మనం ముద్దకు పేరు పెట్టుకున్నాం. నాకు ఒడియా రాదు, మీలాంటివాళ్లే ఇలాంటివి ఇంకా రాయాలి. ఇచ్ఛాపురం నుంచి పార్వతీపురం దాకా రెండు భాషల వంటిళ్లు పక్కపక్కనే ఉన్నాయి. మాటలు అటూ ఇటూ ఎలా దాటాయో ఆ ఇళ్లలోనే తెలుస్తుంది.

*ప్రశ్న అడిగిన తమ్ముడు:* అర్థమైందక్కా. కొలత కూడా చెప్పీయండి.

అరకిలో కంద, రెండు కట్టల బచ్చలికి రెండు చెంచాల ఆవాలు. ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పుతో పాటు కాసేపు చన్నీళ్లలో నానబెట్టి మెత్తగా నూరు. వేడినీళ్లు వద్దు. కంద ఉడికి, చింతపండు పులుసు ఇగిరి, పోపు పడ్డాక గిన్నె దించెయ్. గిన్నె అంచు వట్టి చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక ఆవ పెట్టి, కలిపి, మూత వెయ్. అరగంట దాకా మూత తీయకు.