పాత తోలు హోల్‌స్టర్ మీద ముద్ర: 1941 ఆ, 1947 ఆ?

అందరికీ నమస్తే. పోయిన గురువారం జుమ్మేరాత్ బజార్‌లో గోధుమ రంగు తోలు పిస్టల్ హోల్‌స్టర్ (నడుముకి పిస్టల్ పెట్టుకునే ఒర) కొన్నాను, పొడవు 11 అంగుళాలు, మూతకి ఇత్తడి బొడిపె, వెనక బెల్టు దూరే వెడల్పాటి పట్టీ ఒకటి. మూత లోపల బాణం గుర్తు, దాని కింద ఐ అక్షరం, అంటే బ్రిటిష్ ఇండియా సర్కారుది. పక్కన కాన్పూర్ పేరు ఇంగ్లీషు ‘సి’ అక్షరంతో మొదలయ్యే పాత స్పెల్లింగులో ఉంది, అది 1948లో మారింది కాబట్టి అంతకు ముందుదే అనుకుంటున్నా. చిక్కంతా సంవత్సరం దగ్గరే. 194 వరకు స్పష్టంగా ఉంది, చివరి అంకె మీద తోలు పగిలింది, 1 కావచ్చు, 7 కావచ్చు.

టార్చి వాలుగా వేసి ఫొటోలు తీశాను, సన్న కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాను, తేలలేదు. బ్రిటిష్ సైన్యం వాడిన ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్ కొలతలకు అట్ట కత్తిరించి పెడితే సరిగ్గా పట్టింది, కానీ అది 1932 నుంచీ ఉన్నదే. ముద్ర పోతుందన్న భయంతో నూనె, పాలిష్ ఏమీ పెట్టలేదు. కుట్టు తెల్ల దారంతో, అంగుళానికి 7 కుట్లు.

ఆ కాలపు కాన్పూర్ హోల్‌స్టర్లు చేత్తో పట్టుకుని చూసినవాళ్లు చెప్పండి, కుట్టు, బొడిపె, తోలు మందం వీటిలో దేన్ని చూస్తే ఇది 1941దా 1947దా అని తేలుతుంది?