చిన్న కొట్టుకు తొమ్మిది సాఫ్ట్‌వేర్లు: ఏవి తీసేయాలి?

స్విచ్చుబోర్డు అడిగిన ప్రశ్న:

గుంటూరులో ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్ కొట్టు మాది. నేను, నా భార్య, ఆరుగురు పనివాళ్లు. ఏడాదికి మూడు కోట్ల లోపు అమ్మకాలు. మొన్న కూర్చుని లెక్కపెడితే తొమ్మిది సాఫ్ట్‌వేర్లు తేలాయి. లెక్కలకు టాలీ, కౌంటర్‌లో బిల్లులకు ఒకటి, బాకీలకు ఫోనులో ఒక యాప్, సరుకు రవాణాకు తీయాల్సిన జీఎస్‌టీ పత్రం ఈ-వే బిల్లుకు ఇంకొకటి, గోదాములో ఎక్సెల్, పనివాళ్ల హాజరుకు ఒకటి, ఆర్డర్లకు వాట్సాప్ బిజినెస్. మిగతా రెండూ ఎందుకు పెట్టామో నాకే గుర్తు లేదు. మా అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. పండగకు వచ్చినప్పుడల్లా ఒక యాప్ పెట్టి వెళ్తాడు. తీసేసి వెళ్లిన పండగ మాత్రం ఒక్కటీ లేదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. పోయిన నెల, ఇరవై ఏళ్లుగా మా దగ్గరే వైరు కొంటున్న తెనాలి మేస్త్రీ గారికి 18,400 రూపాయలు బాకీ ఉన్నారని సందేశం వెళ్లింది. ఆయన ఆ సొమ్ము ఎప్పుడో కట్టేశారు. టాలీలో జమ పడింది, బాకీల యాప్‌లో పడలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. రసీదు చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కి వచ్చి, నా బల్ల మీద పెట్టి, మంచినీళ్లు అడిగారు. నాలుగు తిట్టి ఉంటే నయమనిపించింది.

అన్ని పనులూ చేసే ఒకే పెద్ద సాఫ్ట్‌వేర్ కొనమని ఒకరు వెంటపడుతున్నారు. అది పదోది అవుతుందేమోనని నా భయం. ఏం చేయమంటారు?

చిట్టా-ఆవర్జా:

హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తానండి. పదోది కొనకండి. సాఫ్ట్‌వేర్ల జాబితా పక్కన పెట్టి, ఏ అంకెను ఎన్ని చోట్ల ఎక్కిస్తున్నారో ముందు రాయండి. బాకీ రెండు చోట్ల ఉన్నన్నాళ్లూ మేస్త్రీ గారికి బస్సు ఛార్జీలు తప్పవు. టాలీలో బిల్లువారీ వివరాలు పెట్టుకుంటే ఏ బిల్లుకు ఎంత రావాలో, ఎన్ని రోజులైందో అక్కడే కనిపిస్తుంది. టాలీ ప్రైమ్ నుంచే ఈ-వే బిల్లు కూడా తీయవచ్చు. అంటే రెండు యాప్‌లు పోయినట్లే. కౌంటర్ బిల్లుల జోలికి మాత్రం ఏడాది మధ్యలో వెళ్లకండి. ఏప్రిల్ 1న ఎలాగూ కొత్త నంబర్ల వరుస మొదలుపెడతారు, అప్పుడు మార్చండి.

ఆపే ముందు డేటా అంతా దించుకోండి. జీఎస్‌టీ రికార్డులను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. నా దగ్గరికి వచ్చే ఒకాయన తొందరపడి చందా ఆపేసి, నోటీసు వచ్చాక పాత బిల్లులు తెరవడానికే మళ్లీ ఏడాది చందా కట్టారు.

గోదాము తాళం:

కరీంనగర్‌లో పైపుల కొట్టు మాది. ఇదే ఊపులో గోదాములో ఎక్సెల్ ఆపించాను. మా కుర్రాడు వారం రోజులు సరేనన్నాడు, తర్వాత అట్టముక్కల మీద రాయడం మొదలుపెట్టాడు. తప్పు వాడిది కాదు. మాది టాలీ సిల్వర్, ఒక్క కంప్యూటర్ మీదే నడుస్తుంది, దాని ముందు నుంచి మా అన్నయ్య లేవడు. గోల్డ్ తీసుకుని గోదాములో రెండో కంప్యూటర్ పెట్టాకే అట్టముక్కలు ఆగాయి. గోదాము కొట్టు వెనకే కాబట్టి ఒకే నెట్‌వర్క్ సరిపోయింది. మీ గోదాములో ఎక్సెల్ ఎందుకు వచ్చిందో అక్కడి మనిషిని అడిగారా?

స్విచ్చుబోర్డు:

అడగలేదండి. ఈ రోజు అడిగాను. టాలీలో 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు అంతా ఒకటే పద్దట. గోదాములో ఎరుపు ఎన్ని చుట్టలు, నలుపు ఎన్ని చుట్టలు అని రంగులవారీగా కావాలి. ఎరుపు అయిపోయిన సంగతి టాలీ చెప్పదు కాబట్టి ఎక్సెల్ పెట్టుకున్నాడు. మూడేళ్లుగా నాకు ఈ ముక్క తెలియదు. ముందు టాలీలో రంగుకో పద్దు తెరిపిస్తాను, ఎక్సెల్ మాట తర్వాత.

బాకీల యాప్‌ను ఖాతా ఖాతాకూ టాలీతో సరిచూసి, డేటా దించుకుని ఆపేస్తాను. గుర్తు లేని రెండింటిలో ఒకటి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరికింది. సేల్స్‌మన్ ఎక్కడ తిరుగుతున్నాడో చూపే యాప్, నెలకు 299 రూపాయలు. ఆ సేల్స్‌మన్ మానేసి రెండేళ్లయింది. సొమ్ము కోసే ముందు బ్యాంకు ప్రతి నెలా సందేశం పంపుతూనే ఉంది, నేను చూడకుండా చెరిపేస్తున్నాను.

రెండోది ఏమిటో కనుక్కుందామని మా అబ్బాయికి ఫోను చేశాను. వాడికీ గుర్తు లేదట.