లండన్‌లో పుట్టిన రాజకుమారుడు మన పేపరు మొదటి పేజీకి ఎందుకు ఎక్కాడు?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

మా అమ్మాయి 2013 జూలై 23వ తేదీన, అర్ధరాత్రి దాటి ఒంటిగంట పది నిమిషాలకు గుంటూరులో పుట్టింది. ఇంట్లో ఎవరు పుట్టినా ఆ సమయపు పేపరును జాతకం కాగితంతో కలిపి దాచిపెట్టడం మా నాన్నగారి అలవాటు. ఆ అలవాటు ప్రకారం 24వ తేదీ పేపరును ఆయన బీరువా అడుగు అరలో భద్రపరిచారు. మొన్న బీరువా సర్దుతుండగా అది బయటపడింది. మొదటి పేజీలో లండన్ జనసందోహం ఫొటో, బ్రిటన్ రాజవంశపు విలియం, కేట్ దంపతులకు కొడుకు పుట్టాడన్న వార్త ఉన్నాయి. జిల్లా పేజీల నిండా తొలి విడత పంచాయతీ ఎన్నికల ఫలితాలు. మా అమ్మాయి అంతా చదివి, "నా కోసం దాచిన పేపరులో ఇంకొకరి పుట్టుక గురించి ఇంత రాశారేమిటి?" అని అడిగింది.

నవ్వి ఊరుకోవలసిన మాటే కాని, ఇంట్లో అది వాదనగా మారింది. ఆ పిల్లవాడు పుట్టినది జూలై 22, గురుపూర్ణిమ కనుక జాతకుడు గొప్పవాడని మా అమ్మ అంటుంది. మనల్ని ఏలినవాళ్ళ ఇంట్లో పురుడు పోస్తే మనకెందుకింత సంబరమని మా తమ్ముడు మండిపడ్డాడు. నాకు మాత్రం ఆ ఫొటోలోని జనమే అర్థం కాలేదు. ఆసుపత్రి ఎదుట, రాజభవనం గేట్ల దగ్గర గంటల తరబడి నిలబడిన ఆ మనుషులు ఎవరు? అది నిజమైన ఆనందమా, టీవీలు పుట్టించిన హడావుడా? బ్రిటన్‌లో అందరూ అలాగే సంతోషించారా? తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1 (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు)

రాజవంశంలో పుట్టుక ఏనాడూ ఇంటి విషయం కాదు. సింహాసనం ఎవరిదో తేల్చే ఘటన కనుక దానికి సాక్షులు కావలసి వచ్చేది. మీ పేపరులోని జనాన్ని నేను ఆ సాక్షుల వారసులుగానే చూస్తాను.

1688 జూన్ 10న ఇంగ్లండు రాజు రెండవ జేమ్స్‌కు కొడుకు పుట్టినప్పుడు, దేశంలో చాలామంది ఆ వార్తను నమ్మడానికే నిరాకరించారు. రాజు క్యాథలిక్కు, దేశంలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. కొడుకు పుట్టకపోతే రాజ్యం ప్రొటెస్టెంటు కుమార్తెకు దక్కుతుందని ఎదురుచూస్తున్నవారికి ఆ శిశువు పెద్ద అడ్డంకి అయ్యాడు. పడకను వెచ్చబరిచే ఇత్తడి పాత్రలో ఎవరి బిడ్డనో దాచి రాణి గదిలోకి చేర్చారన్న వదంతి లేచింది. గది నిండా మనుషులు ఉండగా జరిగిన కాన్పు మీద పుట్టిన వదంతి అది! ఆ ఏడు ముగియకముందే జేమ్స్ దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో కూడా రాజవంశపు కాన్పు జరిగే ఇంట్లో హోంమంత్రి హాజరుగా ఉండే ఆచారం సాగింది. 1926లో రెండవ ఎలిజబెత్ పుట్టినప్పుడు అలాగే జరిగింది. 1948లో చార్లెస్ పుట్టుకకు ముందు ఆ ఆచారాన్ని మానుకున్నారు. మంత్రి వెళ్ళిపోయిన చోటికి కెమెరాలు వచ్చాయి.

అందువల్ల ప్రజల స్పందన ఎంత తీవ్రంగా ఉంటుందన్నది బిడ్డను బట్టి గాక, ఆ బిడ్డ మీద ఏమి ఆధారపడి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. జపాన్‌లో యువరాజుకు 2001లో కుమార్తె పుట్టింది. అక్కడి చట్టం ప్రకారం స్త్రీకి సింహాసనం దక్కదు, వంశంలో కొత్త తరానికి మగపిల్లవాడు లేడు. చట్టాన్ని మార్చాలని 2005లో నిపుణుల సంఘం సిఫారసు చేసింది, ప్రభుత్వం బిల్లుకు సిద్ధమైంది. ఇంతలో యువరాజు తమ్ముడి భార్య గర్భవతి అన్న వార్త వచ్చింది, బిల్లు అటకెక్కింది. 2006 సెప్టెంబరు 6న మగపిల్లవాడు పుట్టాడు. ఆ కుటుంబంలో 41 ఏళ్ళ తరువాత పుట్టిన తొలి మగశిశువు అతడే. పత్రికలు ప్రత్యేక సంచికలు వేసి టోక్యో వీధుల్లో పంచాయి. ఆ సంబరం చాటున, అప్పటికి అయిదేళ్ళు నిండని ఒక ఆడపిల్ల అవకాశం మూసుకుపోయిందని బాధపడినవారూ ఆ దేశంలో ఉన్నారు.

బ్రిటన్‌లో ఆ ముడి ముందే విడిపోయింది. బ్రిటన్ రాణినే తమ రాణిగా అంగీకరించిన 16 దేశాలు 2011లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో సమావేశమై, తమ్ముడు పుట్టినంత మాత్రాన అక్క హక్కు పోకూడదని ఒప్పుకున్నాయి. ఆ చట్టం 2013 ఏప్రిల్‌లో ఆమోదం పొంది 2015 మార్చి 26న అమలులోకి వచ్చింది. మీ పేపరులోని బిడ్డ జార్జ్ మగపిల్లవాడు కావడంతో ఆ మార్పు అవసరం అప్పుడు కనబడలేదు. 2015 మే 2న అతని చెల్లెలు షార్లెట్, 2018 ఏప్రిల్ 23న తమ్ముడు లూయీ పుట్టాక కనబడింది. లూయీ వచ్చినా షార్లెట్ స్థానం మారలేదు.

మన జిల్లా కథ కూడా ఒకటి చెప్పాలి. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడికి సొంత కొడుకులు లేక ఇద్దరిని దత్తత తీసుకున్నారు. 1816లో ఆయన పోయాక ఆ దత్తతల మీద సాగిన వ్యాజ్యాలు లండన్‌లో ఆనాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళాయి. కృష్ణ ఒడ్డున వారసుడెవరో థేమ్స్ ఒడ్డున తేల్చవలసి వచ్చింది. కాబట్టి మీ తమ్ముడికి చెప్పండి, ఈ సంబంధం రెండు వైపులదీ.

జవాబు 2 (ఒకప్పటి సబ్ ఎడిటర్, గవర్నర్‌పేట, విజయవాడ)

ఆ వారం నేను ఒక దినపత్రిక డెస్కులో రాత్రి షిఫ్టులో ఉన్నాను. లండన్‌లో బిడ్డ పుట్టినది సాయంత్రం 4 గంటల 24 నిమిషాలకు, అంటే మనకు రాత్రి 8 గంటల 54 నిమిషాలకు. ప్రకటన మాత్రం వాళ్ళ గడియారంలో రాత్రి ఎనిమిదిన్నరకు గాని రాలేదు. అది మనకు ఒంటిగంట. దూరపు ఎడిషన్లు అప్పటికే ప్రెస్సుకు వెళ్ళిపోయి ఉంటాయి. పూర్తి కథనం, ఫొటోలు 24వ తేదీ పేపరుకు గాని కుదరలేదు. మీ నాన్నగారు దాచినది సరిగ్గా ఆ పేపరే.

జనం విషయానికి వస్తే, మీరు ఆనందం, హడావుడి అని రెండుగా విడదీశారు కాని అక్కడ అవి అలా విడిగా లేవు. లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి ఎదుట ఫొటోగ్రాఫర్లు జూలై మొదటి రోజుల నుంచే నిచ్చెనలు వేసుకుని తమ చోట్లు గుర్తుపెట్టుకున్నారు. మూడు వారాలపాటు చూపించడానికి ఒక తలుపు తప్ప ఏమీ లేదు. ఖాళీగా ఉన్న కెమెరా తన చుట్టూ ఉన్నవారిని చూపిస్తుంది, కెమెరా ఉన్నచోటికి మరికొందరు వస్తారు. చివరికి ఒక బీబీసీ విలేఖరి ఆసుపత్రి బయట నిలబడి, ఇక్కడి నుంచి ఇంకా చాలా అందిస్తాం గాని అందులో వార్త అంటూ ఏమీ ఉండదని ప్రత్యక్ష ప్రసారంలోనే ఒప్పుకున్నాడు. మా డెస్కులో ఎవరూ అంత నిజాయితీగా మాట్లాడిన జ్ఞాపకం నాకు లేదు.

రాజభవనం గేట్ల దగ్గరి జనం మాత్రం వేరు. బకింగ్‌హామ్ భవనం ముందు ఒక స్టాండు మీద, చట్రంలో బిగించిన కాగితం పెడతారు. వైద్యుల సంతకాలతో, తల్లి క్షేమంగా కొడుకును ప్రసవించిందని అందులో రెండు మూడు వాక్యాలు ఉంటాయి, అంతే. అప్పటికే ప్రకటన ద్వారా అందరికీ తెలిసిపోయినా, ఆ కాగితాన్ని కళ్ళారా చూడడానికి వేలమంది తోసుకున్నారు. దాన్ని అక్కడ అమర్చిన ఇద్దరిలో ఒకరు కోల్‌కతాలో పుట్టి పెరిగిన యువకుడు. మన పత్రికలు ఆ సంగతిని వదులుకుంటాయా?

మరునాడు తుపాకులు పేల్చారు, గ్రీన్ పార్కులో 41 సార్లు, టవర్ ఆఫ్ లండన్ దగ్గర 62 సార్లు. ఈ లెక్క చాలామందికి వింతగా అనిపిస్తుంది. రాజమర్యాద 21, రాజోద్యానం కనుక మరో 20. టవర్ దగ్గరైతే లండన్ నగరం పక్షాన ఇంకో 21 కలుస్తాయి. వెస్ట్‌మినిస్టర్ అబీ గంటలు మూడు గంటలపాటు మోగాయి. ట్రఫాల్గర్ స్క్వేరు ఫౌంటెన్లకు, కెనడాలో నయాగరా జలపాతానికి నీలిరంగు దీపాలు వేశారు.

అందరూ సంతోషించారా అని అడిగారు. లేదు. ఈ వార్తలన్నీ కనబడకుండా చేసుకోవడానికి గార్డియన్ పత్రిక తన వెబ్‌సైటులో ఒక బటనే పెట్టింది. ఒక వ్యంగ్య పత్రిక ముఖచిత్రం మీద, ఒక స్త్రీకి బిడ్డ పుట్టింది అని మాత్రమే వేసి ఊరుకుంది.

ఇంకొక్క విషయం, ఇది ఇప్పటికీ నన్ను కలతపెడుతుంది. 2012 డిసెంబరులో కేట్ గర్భవతిగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆస్ట్రేలియా రేడియోవాళ్ళు రాణి గొంతు అనుకరించి ఫోను చేశారు. ఆ కాల్‌ను వార్డుకు కలిపిన నర్సు మంగళూరు ప్రాంతం నుంచి వెళ్ళిన ఇల్లాలు. మూడు రోజుల తరువాత ఆమె ప్రాణం తీసుకుంది. పుట్టని బిడ్డ గురించి ఏదో ఒకటి తెలుసుకోవాలన్న లోకం ఆత్రం ఆమె దాకా వచ్చింది.

జవాబు 3 (పటమట, విజయవాడ)

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక నేను ఎత్తుతాను. 2012లో మొదలైన పద్ధతి ప్రకారం అప్పట్లో అక్కడ రాజకుటుంబపు అధికారిక ఖర్చుకు, క్రౌన్ ఎస్టేటు (రాజపీఠం పేరున ఉన్న ఆస్తులు) లాభంలో 15 శాతానికి సమానమైన సొమ్మును ఖజానా నుంచి ఇచ్చేవారు. 2013-14లో అది 3.61 కోట్ల పౌండ్లు. భద్రత ఖర్చు అందులో కలవదు. మనం 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు రద్దు చేసుకున్నాం. అది మంచి పనే. అయితే సినీ కుటుంబంలో మనవరాలు పుడితే యువరాణి అని రాసి ఫ్లెక్సీలు కట్టేవాళ్ళం కూడా మనమే కనుక, లండన్ జనాన్ని చూసి నవ్వే హక్కు నాకు లేదనుకుంటున్నాను. ఆ ఫ్లెక్సీల ఖర్చు పన్నులది కాకపోవడం ఒక్కటే తేడా.

జవాబు 4 (ప్రసూతి వార్డు విశ్రాంత నర్సు, గుంటూరు)

పైన అందరూ బిడ్డ గురించి, సింహాసనం గురించి రాశారు. కన్న తల్లి గురించి నేను రాస్తాను.

2013లో కేట్ ప్రసవం అయిన మరునాడు సాయంత్రం బయటికి వచ్చినప్పుడు, చుక్కల గౌను కింద ఇంకా తగ్గని పొట్ట స్పష్టంగా కనబడింది. ప్రసవం కాగానే పొట్ట లోపలికి పోతుందనుకునే లోకానికి అది పాఠం అయిందని చాలామంది స్త్రీలు మెచ్చుకున్నారు. నేను కూడా మెచ్చుకున్నాను. 2018లో మాత్రం, ఉదయం 11 గంటల 1 నిమిషానికి లూయీని కని, ఏడు గంటలు గడిచేసరికే మడమ ఎత్తు చెప్పులతో, దిద్దిన జుట్టుతో ఆమె మెట్ల మీద నిలబడింది. ఆ ఫొటో మా వార్డులో ఫోన్ల మీద తిరిగింది. ఒక బాలింత అత్తగారు దాన్ని కోడలికి చూపించి, "చూడమ్మా, మహారాణి అయ్యుండి ఎలా నడుస్తోందో, నువ్వేమో మంచం దిగవు" అన్నారు. ఆ కోడలికి ఆపరేషన్ అయి అప్పటికి రెండు రోజులు. సహజ ప్రసవం వేరు, కోత వేరు అని నేను ఆమెకు నచ్చచెప్పవలసి వచ్చింది. మన వైపు బాలింతను పదకొండో రోజు స్నానం దాకా పదిమంది కంట పడనీయరు, చెవుల్లో దూది తీయనీయరు. ఆ ఆచారాల్లో కొన్నింటితో నాకు పేచీ ఉంది గాని, కన్న రోజునే లోకానికి ముఖం చూపించాలన్న ఆచారంతో పోలిస్తే మనదే మెరుగు.

చరిత్ర మాస్టారు ఒక శాసనాన్ని మరచిపోయారు. మాది మందడం. మా పక్కనే మల్కాపురంలో 1261 నాటి రుద్రమదేవి శాసన స్తంభం ఉంది. శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యులకు మందడం, వెలగపూడి గ్రామాలను దానమిస్తూ వేయించినది. ఆ ఆదాయంలో మఠానికి, సత్రానికి భాగాలు ఉన్నట్టే ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కూడా కేటాయింపు ఉంది. తండ్రికి కొడుకులు లేనందువల్ల గద్దెనెక్కిన ఆమె, ఊరి ఆడవాళ్ళ కాన్పులకు డబ్బు రాయించింది. రాజవంశంలో ఆడపిల్ల పుట్టిందని ఆనాడు ఓరుగల్లులో ఎన్ని భేరీలు మోగాయో గాని, ఈ రాయి మాత్రం నిలిచింది.

ప్రశ్న అడిగినవారు (సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ ధన్యవాదాలు. జవాబులన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. లండన్‌లో ప్రకటన వెలువడిన పది నిమిషాలకు, అంటే వాళ్ళ తేదీ ప్రకారం జూలై 22నే, తాను పుట్టినట్టు సబ్ ఎడిటర్ గారి లెక్క పట్టుకుని తేల్చింది. ఆ రోజు పుట్టిన పిల్లలకు బ్రిటన్ టంకశాల 2,013 వెండి పెన్నీలు కానుకగా ప్రకటించిందని ఎక్కడో చదివి, తనకు కూడా ఒకటి రావాలని నిన్నటి నుంచి పట్టుబట్టింది. అవి ఆ దేశంలో పుట్టిన పిల్లలకు మాత్రమేనని, దరఖాస్తు గడువు కూడా ఎప్పుడో ముగిసిందని చెప్పినా వినలేదు.

మా అమ్మ మాత్రం లండన్ పేజీని పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, జిల్లా పేజీలో తన పుట్టింటి ఊరి సర్పంచి ఎవరు గెలిచారో వెతుకుతోంది. వచ్చే ఆదివారం మమ్మల్ని మల్కాపురం తీసుకువెళ్ళమంది. నర్సు గారూ, ఆ స్తంభం దగ్గరికి కారు వెళుతుందా, లేక కొంత దూరం నడవాలా అన్నది తెలియజేయగలరు. అమ్మకు మోకాళ్ళ నొప్పి.