సమస్యాపూరణం: "ఎక్కములు రాక గెలిచెను లెక్కలందు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇదే చివరి పాదంగా వచ్చేలా మిగతా పద్యం మీరు పూరించాలి.

*ఎక్కములు రాక గెలిచెను లెక్కలందు*

నియమం ఒక్కటే. బడి ఎగ్గొట్టిన పిల్లవాడూ వద్దు, క్యాలిక్యులేటరూ వద్దు. పూరణ ప్రాచీన ఈజిప్టులోనే జరగాలి. అక్కడి లేఖకులు గుణకారం ఎలా చేసేవారో మనకు ముఖ్యంగా రైండ్ పపైరస్ అనే లెక్కల రాతచుట్ట వల్ల తెలిసింది. ఆహ్మెస్ అనే లేఖకుడు క్రీ.పూ. 1550 ప్రాంతంలో అంతకన్నా పాత ప్రతిని చూసి దాన్ని రాశాడు. 1858లో అలెగ్జాండర్ హెన్రీ రైండ్ లక్సర్‌లో కొన్నాడు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పద్ధతిలో ఉన్నవి రెండే పనులు: రెట్టింపు చేయడం, కూడడం. ఇక కానివ్వండి.

మిసిమి:
గురువుగారికి నమస్కారం. నా ప్రయత్నం.

*ఒకటి రెండును నాలుగు నొక్కదరిని*
*వేఱొకదరిని రెట్టింపు పేర్చి పేర్చి*
*తగిన వానిని గుర్తించి తాను కలిపి*
*యెక్కములు రాక గెలిచెను లెక్కలందు*

నిర్వాహకుడు:
మిసిమి గారూ, ధార బాగుంది, గణాలు, యతులు సరిపోయాయి. రెండు లోపాలు. ఒకటి, "గెలిచెను" అన్నారు సరే, గెలిచింది ఎవరు? పద్యంలో కర్త లేడు, ఈజిప్టూ లేదు. రెండోది, "తగిన వానిని" అని దాటేశారు. ఏవి తగినవన్నదే కదా అసలు కిటుకు! ఎడమ వరుసలో ఏ అంకెలు కలిస్తే గుణకం వస్తుందో వాటి ఎదుట ఉన్నవే తగినవి. రెండోది ఈ చిన్న పద్యంలో పట్టకపోవచ్చు. మొదటిదానికి మూడో పాదం ఇలా మారిస్తే సరిపోతుంది:

*తగినవాని గూర్చెడు నైలు తటపు కరణ*
*మెక్కములు రాక గెలిచెను లెక్కలందు*

మిసిమి:
కర్త వచ్చి సమస్యలోకే అతుక్కున్నాడు! ధన్యవాదాలు గురువుగారూ.

జొన్నకంకి:
కొత్తగా చేరాను. తప్పులుంటే మన్నించండి.

*నైలు పొంగిన పొలముల హద్దు చెరిగి*
*కొలతతాళ్ళతో పొలముల కొలిచి కొలిచి*
*పన్ను రెట్టించి రెట్టించి పలికె నొకడు*
*ఎక్కములు రాక గెలిచెను లెక్కలందు*

ఒక సందేహం కూడా. సమస్యలో "ఎ"కి "లె"తో యతి ఎలా కుదిరింది?

గంటం:
అది ప్రాసయతి అండీ, అంటే యతికి బదులు ప్రాస కలపడం. ఎక్క–లెక్క. తేటగీతి, ఆటవెలది, సీసాల్లో చెల్లుతుంది. మీ మొదటి పాదంలో మాత్రం "నై"కి "హ" కుదరదు. నాలుగో గణం "న"తో మొదలుపెట్టండి.

నిర్వాహకుడు:
గంటం గారు చెప్పింది సరైనదే. ఇంకొకటి, "ఒకడు + ఎక్కములు" దగ్గర ఉత్వసంధి నిత్యం, విడదీసి రాయకూడదు. పొలముల, పొలముల అని రెండుసార్లు వచ్చింది కూడా. ఇలా చూడండి:

*నైలు పొంగగ హద్దులు నలిగిపోవ*
*కొలతతాళ్ళతో పొలముల కొలిచి కొలిచి*
*పన్ను రెట్టించి రెట్టించి పలికి చతురు*
*డెక్కములు రాక గెలిచెను లెక్కలందు*

భావం మాత్రం నాకు బాగా నచ్చింది. వరద పొలాన్ని కోసుకుపోతే, అధికారులు వచ్చి కొలిచి పన్ను తగ్గించేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. "రెట్టించి" అన్నప్పుడు ఆ పన్ను కట్టే రైతు గుండె గుభేలుమని ఉంటుంది. మీరు అనుకోకుండా వాడినా చమత్కారం చమత్కారమే.

గంటం:
నేను నేరుగా ఒక లెక్కే చేయించాను. 7ని 13తో హెచ్చవేయడం. తేటగీతి మాలిక, అంటే నాలుగు పాదాలకు మించినది.

*ఏడు పదుమూళ్ళ మొత్తము నెఱుగగోరి*
*ఏడు పదునాల్గు నిరువదియెనిమిదియును*
*నేబదాఱును వరుసగా నెక్కి రాగ*
*రెంటి వరుసను విడనాడి లేఖకుండు*
*తొంబదొకటని తేల్చుచు దొసగులేక*
*యెక్కములు రాక గెలిచెను లెక్కలందు*

పల్లేరు:
గంటం గారూ, లెక్కల మాస్టారు కాని నాలాంటివాడికి ఆ "రెంటి వరుస" ఏమిటో అర్థం కాలేదు. పద్యం చదివాక పక్కన కాగితం పెట్టుకోవాల్సి వచ్చింది.

గంటం:
ఇదిగో కాగితం.

\ 1 … 7
  2 … 14
\ 4 … 28
\ 8 … 56

ఎడమవైపు 1, 4, 8 కలిస్తే 13. వాటి ఎదుట లేఖకుడు అలాగే చిన్న ఏటవాలు గీత పెట్టేవాడు. గీత ఉన్నవాటిని కుడివైపు కూడితే 7 + 28 + 56 = 91. 2 కలిస్తే 13 దాటిపోతుంది కాబట్టి 14ని వదిలేశాడు. ఏ పూర్ణసంఖ్య తీసుకున్నా 1, 2, 4, 8, 16 వరుసలోంచి ఒక్కోదాన్ని ఒక్కసారే వాడి కూర్చవచ్చు. అందుకే ఈ పద్ధతి ఎక్కడా ఆగదు.

నిర్వాహకుడు:
ఇప్పటివరకు వచ్చినవాటిలో లెక్క పూర్తిగా ఉన్నది ఇదే. "ఇరువదియెనిమిదియును" యతిస్థానంలో అలవోకగా కూర్చుంది. "దొసగులేక" మాత్రం యతి కోసం వచ్చిన మాటే, గంటం గారు కాదనరని అనుకుంటాను. మరొక మాట. అన్నిసార్లూ రెట్టింపే చేశారని అనుకోవద్దు. వాళ్ళ అంకెల్లో పదింతలు చేయాలంటే గుర్తు మారిస్తే చాలు కాబట్టి, వీలున్నచోట పదింతల వరుస కూడా వేసుకునేవారు.

వెన్నెలవాగు:
పిల్లుల లెక్కను ఎవరూ పట్టుకోలేదేమిటి?

*ఇండ్లు నేడట, పిల్లులు నెలుకలచట*
*ఏడు రెట్లుగ బెరుగుచు నెగయుచుండ*
*మూడు వరుసల నాహ్మెసు ముడిని విప్పి*
*యెక్కములు రాక గెలిచెను లెక్కలందు*

నిర్వాహకుడు:
అదిరింది! రైండ్ పపైరస్‌లో 79వ లెక్క ఇది. 7 ఇళ్ళు, 49 పిల్లులు, 343 ఎలుకలు, 2401 గోధుమజాతి ధాన్యపు కంకులు, 16807 కొలతల గింజలు. అన్నీ కలిపితే 19607. ఒక పక్క వీటిని వరుసగా రాసి కూడాడు. మరో పక్క 2801, 5602, 11204 అని మూడే వరుసలు వేసి కూడాడు. అక్కడా 19607 వచ్చింది. 2801ని 7తో హెచ్చించడం అన్నమాట, 7 అంటే 1 + 2 + 4. ఇళ్ళను, ఎలుకలను కలిపి కూడడం దేనికో అడగకండి. లెక్క సరదా లెక్కే. రెండో పాదం మొదట "అచటన్ + ఏడు" కలిపి "నేడు" అని రాయండి, యతికి ఇబ్బంది లేదు. గంటం గారి రెండో పాదానికీ ఇదే మాట, అక్కడ "యేడు" అవుతుంది.

పల్లేరు:
ఆహ్మెస్ 2401 బదులు 2301 అని రాశాడని చదివాను. మొత్తం మాత్రం సరిగ్గానే వచ్చింది! చూసిరాతలో వందల దగ్గర చెయ్యి జారినట్టుంది.

తాటాకు:
నేను ఎదురు పూరణ రాస్తున్నాను. సమస్యే తప్పని నా వాదన.

*బేసి హారము రెట్టింప బిగిసిపోవు*
*నందుకే యొక పట్టిక నమర జేసి*
*దాని దాపున నుంచిరి, తగునె యనగ*
*నెక్కములు రాక గెలిచెను లెక్కలందు?*

వాళ్ళకు భిన్నాలంటే లవంలో 1 ఉన్నవే, 2/3 వంటి ఒకటి రెండు తప్ప. 1/8ని రెట్టిస్తే 1/4, తేలిక. 1/5ని రెట్టిస్తే? 2/5 అని రాయడం లేదు. 1/3 + 1/15 అని విడగొట్టాలి. 2/7 అయితే 1/4 + 1/28. అందుకే పపైరస్ మొదట్లోనే 3 నుంచి 101 వరకు బేసి హారాలన్నిటికీ పట్టిక ఇచ్చారు. అది ఎక్కం కాక మరేమిటి?

నిర్వాహకుడు:
సమస్యాపాదాన్ని ప్రశ్నగా తిప్పేసి ఆక్షేపణ చేయడం పాత ఎత్తుగడే కానీ ఇక్కడ దానికి పస ఉంది. వాదనతో సగమే ఏకీభవిస్తాను. పూర్ణసంఖ్యల గుణకారానికి వాళ్ళకు ఏడో ఎక్కం, ఎనిమిదో ఎక్కం అవసరం లేదు. భిన్నాల దగ్గర పట్టిక లేకపోతే మాత్రం పని నడవదు. 2/101కి నాలుగు భిన్నాలు కావాలి: 1/101, 1/202, 1/303, 1/606. పద్యానికి నా ఓటు.

గంటం:
ఈ పద్ధతి ఛందస్సు చదివినవాళ్ళకు కొత్తగా ఉండకూడదు. గురులఘువుల అమరికలన్నిటినీ వరుసగా రాసే ప్రస్తారంలో ఉద్దిష్టం గుర్తుందా? ఒక గణం ఎన్నోదో తెలియాలంటే అక్షరాలపైన 1, 2, 4 అని రెట్టిస్తూ వేసి, లఘువుల పైన ఉన్నవి మాత్రం కూడి, ఒకటి కలుపుతాం. జగణం లఘువు, గురువు, లఘువు. 1 + 4 = 5, ఒకటి కలిపితే ఆరోది. గురువు మీది 2 పోయింది, నా మాలికలో రెంటి వరుస పోయినట్టే. ఒకరి దగ్గర ఒకరు నేర్చారని నేను అనడం లేదు. ఏరుకోవడం మాత్రం ఒకటే.

జొన్నకంకి:
భగణానికి వేసి చూశాను. 2 + 4 = 6, ఒకటి కలిపితే ఏడు. మ, య, ర, స, త, జ, భ, ఏడోదే! మరి భాగహారం ఎలా చేసేవారండీ?

నిర్వాహకుడు:
అదే పట్టికను తిరగేసి. 24వ లెక్కలో 19ని 8తో భాగించాలి. 8ని రెట్టిస్తే 16. ఇంకా 3 కావాలి. ఇప్పుడు సగాలు చేయండి: 8లో సగం 4, పావు 2, అందులో సగం 1. 16 + 2 + 1 = 19. వాటి ఎదుట ఉన్నవి 2, 1/4, 1/8. జవాబు 2 + 1/4 + 1/8.

దీన్ని మీరే తేటగీతిలో చెప్పండి జొన్నకంకి గారూ. "సగము" అనే మాట నాలుగు పాదాల్లోనూ రావాలి. గురువారం లోపు పంపండి. ఈసారి ఉత్వసంధి చూసుకోండి.