భజన రికార్డింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్, ఆడాసిటీనా, రీపరా? కొత్తవాళ్లం, తేల్చి చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా గోష్ఠి తెలుగు భజనలు, ఒడియా కీర్తనలు ఇంట్లోనే రికార్డు చేద్దామని. హార్మోనియం, మృదంగం, తాళాలు, ఇద్దరు గాయకులు. 4 జీబీ ర్యామ్ పాత విండోస్ లాప్‌టాప్, రెండు మైకులు పట్టే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. ఏది నేర్చుకోవాలి?

రాయగడ_రిథమ్:
రీపరే. ఆ లాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది. ముందు ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఏఎస్ఐఓ డ్రైవర్ (శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో చేరవేసే ప్రోగ్రాం) వేయండి. రీపర్‌లో కంట్రోల్ పి నొక్కి, ఆడియో డివైస్‌లో ఏఎస్ఐఓ ఎంచుకుని బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టే శబ్దం) 256 శాంపిళ్లు పెట్టండి. చిటపటలొస్తే 512. కంట్రోల్ టి రెండుసార్లు నొక్కితే రెండు ట్రాకులు. ఒకదానికి ఇన్‌పుట్ 1, రెండోదానికి 2. ఆ ట్రాకుల ఎర్ర బటన్లు వెలిగించి కంట్రోల్ ఆర్ నొక్కితే రికార్డింగ్ మొదలు.

బరంపురం_బాజా:
భజనకి ఈ పురాణమంతా దేనికి బాబూ? ఆడాసిటీ తెరిచీసి ఎర్ర బటన్ నొక్కితే అయిపోయె. పైగా ఉచితం. రీపర్‌ది 60 రోజుల ముచ్చట, ఆనక 60 డాలర్లు.

ఇచ్ఛాపురం_కుర్రోడు:
60 రోజులు దాటినా ఆగదు గదా 😄

బరంపురం_బాజా:
ఆగదని డబ్బు కట్టకుండా వాడీడం న్యాయమేటి?

రాయగడ_రిథమ్:
న్యాయం సంగతి తర్వాత. ఆడాసిటీలో ఉన్న ట్రాకు వింటూ ఇంకొకటి పాడితే కొత్తది పాతదానితో కలవకుండా పక్కకి జరిగిపోతుంది. దానికేం చెబుతారు?

బరంపురం_బాజా:
సరిచేసుకోవాల. లేటెన్సీ కాంపెన్సేషన్ (ఆ ఆలస్యాన్ని సర్దే అంకె) -130 మిల్లీ సెకన్లని ముందే పెట్టుంటాది, అది అందరి మెషీన్‌కీ నప్పదు. దాన్ని 0 చెయ్యి. రిథమ్ ట్రాకు ఒకటి తయారుచేసి, ఇయర్‌ఫోను మైకుకి ఆనించి, అది మోగుతుండగా రికార్డు చెయ్యి. జూమ్ చేసి అసలు దెబ్బకీ, రికార్డయిన అదే దెబ్బకీ మధ్య ఎడం కొలు. 84 మిల్లీ సెకన్లు వస్తే -84 వెయ్యి.

రాయగడ_రిథమ్:
ఇదా మీరు చెప్పిన సులువు! మామూలు డౌన్‌లోడ్ ఆడాసిటీ 3లో లైసెన్సు చిక్కు వల్ల ఏఎస్ఐఓ పెట్టలేదు, అందుకే ఈ తిప్పలు. రీపర్ అయితే డ్రైవర్ చెప్పిన ఆలస్యాన్ని తనే సర్దుకుంటుంది.

బరంపురం_బాజా:
రీపర్ ప్రాజెక్టు దాచే ఆర్‌పీపీ ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే పాటుంటాదా నీ రీపర్‌లో? ఆడాసిటీ 3లో శబ్దంతో సహా అంతా ఒకే ఏయూపీ3 ఫైలు.

రాయగడ_రిథమ్:
ఆర్‌పీపీలో శబ్దం ఉండదు, వేవ్ ఫైళ్లు విడిగా ఉంటాయి. సేవ్ యాజ్‌లో ప్రాజెక్టుకి ఫోల్డర్ చేయమనీ, మీడియా అందులోకి కాపీ చేయమనీ రెండు టిక్కులున్నాయి. పెడితే సరి.

జయపురం_జోల:
ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్ రికార్డింగ్ యాప్ చాలదా?

బరంపురం_బాజా:
ఫోను మైకుతోనా? చాలా ఫోన్లు మృదంగం దెబ్బ పడగానే వాటంతటవే సౌండు తగ్గించీస్తాయి. వెనకాలే గొంతూ మునుగుతాది.

రాయగడ_రిథమ్:
ఎవరేమడిగినా మీది ఇదే పాట, "ఎర్ర బటన్ నొక్కు". క్లిక్కు (లయ కొలిచే టిక్ టిక్ శబ్దం) వింటూ ఒక్కో ట్రాకు పేర్చడం రాకపోతే రికార్డింగ్ నేర్చుకున్నట్టే కాదు.

బరంపురం_బాజా:
అదీ, ఇప్పుడొచ్చింది కడుపులో మాట! ఒక్కొక్కణ్ణీ విడదీసి క్లిక్కుకి కట్టీసి పాడించాలని నీకు. భజన నిదానంగా ఎత్తుకుని పోను పోను పరుగందుకుంటాది. క్లిక్కు పెడితే ఆ పరుగేదీ?

రాయగడ_రిథమ్:
రీపర్‌లో క్లిక్కు ఆపేయొచ్చు. కానీ అందర్నీ ఒకే గదిలో కూర్చోబెడితే తాళాలు రెండు మైకుల్లోనూ దూరతాయి. ఒక గొంతు శ్రుతి తప్పితే అదొక్కటే దిద్దలేరు, మళ్లీ మొదట్నుంచి.

బరంపురం_బాజా:
మళ్లీ పాడతారు, భజనోళ్లకి అదో కష్టమా! గాయకులిద్దరికీ ఒక మైకు, మూతికి జానెడు దూరం. రెండోది మృదంగానికీ హార్మోనియానికీ మధ్యన, మృదంగం వైపు కాకుండా హార్మోనియానికి దగ్గరగా. గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) మొదటి పల్లవికి కాదు, చివరి పరుగుకి చూసుకోవాల. అక్కడ రికార్డింగ్ మీటరు ముల్లు -12కీ -6కీ డెసిబెళ్ల మధ్య ఆడాల. 0 తగిలి పగిలిన శబ్దం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ సరిగ్గా అతకదు. స్టీరియోలో తీసి, స్ప్లిట్ స్టీరియో టు మోనో నొక్కితే రెండు మైకులూ వేరైపోతాయి.

రాయగడ_రిథమ్:
ఇదంతా రీపర్‌లోనూ అవుతుంది.

బరంపురం_బాజా:
అవదన్నానా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
విడివిడిగా పాడమంటే మావాళ్లకి పాటే రాదండీ, కలిసే కూర్చుంటాం. మరి తాళాలాయన్ని ఎంత దూరం పెట్టాలి?

బరంపురం_బాజా:
రెండు మీటర్లు. గది చాలకపోతే గుమ్మం అవతల, మృదంగం ఆయన చేతులు కనబడేలాగ.

రాయగడ_రిథమ్:
మైకు వీపు ఆయన వైపుండాలి. ఇది మాత్రం మర్చిపోకండి.