గాలివాటం అంటే ఏ గాలి?

— వానాకాలంలో హుస్సేన్ సాగర్‌లో జరిగే తెరచాప పడవల పోటీల వీడియోలు చూస్తున్నాను. ‘ట్రూ విండ్ యాంగిల్’, ‘అపరెంట్ విండ్ స్పీడ్’ అంటున్నారు. వీటికి ‘గాలివాటం’ పనికొస్తుందా? మా పరకాల దిక్కు కల్లంలో తూర్పార పట్టేముందు గాలివాటం చూసుకోమంటారు.

— కల్లంలో గాలి ఒకటే, ఆ మాట సరిపోతుంది. పడవ దగ్గర రెండు గాలులుంటాయి. నీటి మీద తన మానాన తాను వీచేది ఒకటి. పడవ నడక కూడా కలిసి తెరచాపకు తగిలేది ఇంకొకటి. ఆకు కదలని పూట కూడా కాజీపేట రోడ్డు మీద బండి నడిపితే మొహానికి గాలి కొడుతుంది కదా, అదీ సంగతి. అందుకే నేనైతే ‘ట్రూ విండ్’ను ‘వీచే గాలి’ అని, ‘అపరెంట్ విండ్’ను ‘తగిలే గాలి’ అని అంటాను. ‘నిజ గాలి’ మాత్రం వద్దు, రెండోది అబద్ధపు గాలి అయిపోతుంది. తెరచాపకు తెలిసేదే ఆ రెండోది!

గాలి వచ్చే కోణాన్ని పడవ ముక్కు నుంచి కొలుస్తారు. ఎదురుగాలి 0, పక్కగాలి 90, వెనకగాలి 180 డిగ్రీలు. వేగం నాట్లలో చెప్తారు. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు.

— అయితే 180లో పోయేదే గాలివాటం పడవ, అదే అన్నిటికన్నా ముందుంటుంది. అంతేనా సార్?

— అక్కడే తిరకాసు. 10 నాట్ల గాలి వెనక నుంచి వీస్తుంటే, పడవ 6 నాట్లతో పోతే, తెరచాపకు మిగిలేది 4 నాట్లే. పడవ జోరు పెరిగినకొద్దీ తగిలే గాలి పలచబడుతుంది. అదే వేగంతో 45 డిగ్రీల్లో గాలికి ఎదురెక్కితే దాదాపు 15 నాట్లు తగులుతుంది, ఆ తగిలే గాలి కోణం కూడా 28కి తగ్గుతుంది. చాలా పడవలు పరుగెత్తేది పక్కగాలికి, లేదా కొంచెం వెనక నుంచి ఏటవాలుగా వచ్చే గాలికి.

— మరి గమ్యం సరిగ్గా ఎదురుగాలి వైపే ఉంటే?

— తెరచాపతో నేరుగా పోలేరు. కుడికోసారి, ఎడమకోసారి మళ్లుతూ పోవాలి. 45 డిగ్రీల్లో 6 నాట్లు పరుగెత్తినా గాలి వచ్చే దిక్కుకు జరిగేది 4 నాట్ల పైచిలుకే. దీన్ని వీఎంజీ (వెలాసిటీ మేడ్ గుడ్) అంటారు.

— ‘గిట్టుబాటు వేగం’ అందామా? ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ ఉన్న వరంగల్ దిక్కోళ్లం, ఇట్టే తెలుస్తుంది.

— భేషుగ్గా ఉంది, వాడేద్దాం. ఎన్నికల వార్తల్లోని ‘గాలివాటం గెలుపు’ జోలికి మాత్రం పోకండి, దాని లెక్క వేరు.