సి హెడర్ ఫైలులో స్థిరాంకాలు: ఈనమా, మాక్రోనా?

ప్రశ్న, రేణిగుంట నుంచి

నమస్కారమండీ. చిత్తూరు జిల్లా పల్లెల్లోని పాల సేకరణ కేంద్రాల కోసం వెన్న శాతం కొలిచే పరికరానికి మేము సి భాషలో ప్రోగ్రాము రాస్తున్నాము. సిద్ధం, కొలత, కడుగుడు, లోపం అనే నాలుగు దశలు, లోపాల సంఖ్యలు, 3.5 వంటి వెన్న శాతం హద్దులు, బోర్డు మోడల్ సంఖ్య అన్నీ ఒకే హెడర్‌లో (పలు ఫైళ్లు పంచుకునే ప్రకటనల ఫైలు) హ్యాష్ డిఫైన్‌లుగా, అంటే పేరుకు బదులు విలువను పెట్టే మాక్రోలుగా ఉన్నాయి. అన్నిటినీ ఈనమ్‌లుగా, అంటే పేరు పెట్టిన పూర్ణాంకాల జాబితాలుగా, మార్చేయమని సహోద్యోగి ఒకరు పట్టుబడుతున్నారు. మార్చడం వల్ల నిజంగా ఒరిగేదేమిటో తెలిసినవారు వివరించగలరు.

జవాబు, చిత్తూరు నుంచి

అన్నిటినీ మార్చడం కుదరదండీ. ఈనమ్‌లో పూర్ణాంకాలు మాత్రమే ఉండగలవు కాబట్టి 3.5ను మాక్రోగానే ఉంచాలి, లేదా పదింతలు చేసి 35గా రాసుకోవాలి. దశలను మాత్రం తప్పక మార్చండి. మాక్రో పేరును, కంపైలరు కన్నా ముందు నడిచే ప్రీప్రాసెసర్ తీసేసి అంకెను పెడుతుంది. ఈనమ్ పేరు కంపైలరుదాకా వెళ్తుంది గనుక డీబగ్గరులో (తప్పులు వెతికే సాధనం) 2 అని కాకుండా దశ పేరే కనబడుతుంది. అంతకన్నా పెద్ద మేలు ఇంకొకటి ఉంది. రేపు ఐదో దశను చేర్చి, ఏదో ఒక స్విచ్‌లో (విలువను బట్టి దారి ఎంచే నిర్మాణం) దానికి కేస్ రాయడం మరచిపోయారనుకోండి, చరరాశిని ఆ ఈనమ్ రకంగానే ప్రకటించి ఉంటే, వాల్ (-Wall) ఆప్షనుతో నడిపిన జీసీసీ కంపైలరు ఆ లోటును హెచ్చరికగా చూపిస్తుంది. అయితే ఆ స్విచ్‌లో డిఫాల్ట్ (మిగతా విలువలన్నిటికీ వర్తించే దారి) ఉంటే ఈ హెచ్చరిక రాదు.

జవాబు, తిరుపతి నుంచి

బోర్డు మోడల్ సంఖ్యను కదిలించకండి. బోర్డును బట్టి కోడ్‌ను ఎంచే హ్యాష్ ఇఫ్‌ను ప్రీప్రాసెసరే చూస్తుంది, దానికి ఈనమ్ పేర్లు తెలియవు. వాటిని మౌనంగా 0గా తీసుకుంటుంది. పేర్ల మొదట మీ పరికరం గుర్తుగా ఒక పదం కూడా తగిలించండి. నేను ఈనమ్‌లో పెట్టుకున్న పేరునే, తర్వాత చేర్చిన ఒక సెన్సారు హెడర్ మాక్రోగా వేరే విలువతో నిర్వచించింది. కంపైలరు కిమ్మనలేదు, దాని కింది కోడ్‌లోని కేస్‌లన్నీ ఆ కొత్త అంకెనే పట్టుకున్నాయి, కారణం దొరకడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. దశను స్ట్రక్చర్‌లో (పలు విలువల కట్ట) పెట్టి రెండో బోర్డుకు పంపుతాము. అక్కడా ఈనమ్ రకమే వాడవచ్చా?

జవాబు, చిత్తూరు నుంచి

వద్దండీ. ఈనమ్ ఎన్ని బైట్లు పడుతుందో నిర్ణయించేది కంపైలరు. ఈనమ్‌ను వీలైనంత చిన్న పరిమాణంలో పెట్టే షార్ట్ ఈనమ్స్ ఆప్షను ఒక బోర్డులో ఉండి మరొక బోర్డులో లేకపోతే స్ట్రక్చర్ అమరికే మారిపోతుంది. సి23 ప్రమాణంలో ఈనమ్ ఆధార రకాన్ని, అంటే దాని పరిమాణాన్ని నిర్ణయించే పూర్ణాంక రకాన్ని, మనమే చెప్పే వీలు వచ్చింది. మీ కంపైలరు పాతదైతే, పంపేటప్పుడు 8 బిట్ల పూర్ణాంకంగా పంపి, అవతల హద్దులు సరిచూసుకున్నాకే ఈనమ్‌లోకి మార్చుకోండి.